ఓటు తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టేనా?

గడప:

ముందే ఒక మాట. ఇప్పుడు మనమంతా కొట్టుకుంటున్న పార్టీల పేర్లు, నాయకుల పేర్లు ఇక్కడ ఎత్తొద్దు. ఎత్తారంటే పది నిమిషాల్లో అసలు విషయం గాలికిపోతుంది.

సంగతి ఇదీ. మా దగ్గర ఒక ఉద్యోగానికి ముగ్గురిని చివరి దాకా తెచ్చాం. రాతపరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ ఒకబ్బాయి మిగతా ఇద్దరికన్నా బాగా ముందున్నాడు. అంతా అయ్యాక ప్యానెల్‌లో ఒకాయన ఫోన్ తీసి ఆ అబ్బాయి ఫేస్‌బుక్ ఖాతా చూపించారు. ఫోటో చుట్టూ ఓ పార్టీ రంగులు. "ఇతను వద్దులెండి" అన్నారు. ఏమండీ అంటే "ఆ పార్టీ వాళ్ళ సంగతి మనకు తెలీనిదా" అన్నారు. మార్కుల కాగితం బల్ల మీదే ఉంది. ఆ తర్వాత ఎవరూ దానివైపు చూడలేదు. నిర్ణయం వాయిదా పడింది.

నాకు నచ్చలేదు. కానీ ఆయనతో వాదిద్దామని కూర్చుంటే మాటలు అనుకున్నంత తేలిగ్గా దొరకలేదు. ఎవరికి ఓటేస్తాడన్నది మనిషి గురించి ఏమీ చెప్పదని అనగలమా? చెబుతుందంటే, ఎంతవరకు?

ఎర్రసిరా:

మీ ప్యానెల్ ఆయన చేసింది తప్పే. అది పక్కన పెట్టండి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా "రాజకీయాల కోసం మనుషుల్ని దూరం చేసుకుంటామా" అనే పాట మొదలవుతుంది చూశారూ, నా పేచీ దానితో.

ఓటంటే క్రికెట్ జట్టు మీద అభిమానం లాంటిదనుకుంటున్నారు చాలామంది. మీకిష్టమైన జట్టు గెలిస్తే నాకు పోయేదేమీ లేదు. మీరు ఓటేసిన పార్టీ గెలిస్తే నా ఉద్యోగం, నా భూమి, నా పెళ్ళి, నేను నోరు విప్పగలనా లేదా అన్నది, అన్నీ మారిపోవచ్చు. "అది కేవలం అభిప్రాయభేదం" అని తీరిగ్గా అనగలిగేది ఎక్కువగా ఆ మార్పు సెగ తగలని వాళ్ళే.

ప్రచారంలో ఏం చెప్పారో విన్నారు, గెలిస్తే ఏం చేస్తారో తెలుసు, వెళ్ళి ఓటేశారు. దాన్ని చూసి మనిషిని అంచనా వెయ్యొద్దంటే ఇంకేం చూడమంటారు? నవ్వుతూ పలకరిస్తాడా లేదా అనా?

లెక్కలపంతులు:

గడపగారూ, మీ గదిలో జరిగినదాన్ని అచ్చం అలాగే అమెరికాలో ప్రయోగంగా చేసి చూశారు. శాంతో అయ్యంగార్, షాన్ వెస్ట్‌వుడ్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో ప్రచురించారు. స్కాలర్‌షిప్ కోసం ఇద్దరు హైస్కూలు విద్యార్థుల వివరాలు ముందు పెట్టి, ఎవరికిద్దామో చెప్పమన్నారు. మార్కులున్నాయి, బడిలో చేసిన పనులున్నాయి. ఆ పనుల్లో ఒక మూల, ఈ విద్యార్థి ఫలానా పార్టీ యువజన సంఘానికి అధ్యక్షుడు అని ఒక్క ముక్క. ఒక పార్టీకి కట్టుబడినవాళ్ళలో నూటికి దాదాపు 80 మంది తమ పార్టీ విద్యార్థికే ఇచ్చారు. అవతలి విద్యార్థికి మార్కులు ఎక్కువ ఉన్నప్పుడు కూడా లెక్క పెద్దగా కదల్లేదు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. పార్టీ బదులు తెల్లవాడా నల్లవాడా అన్న సూచన ఇచ్చి ఇదే పరీక్ష పెడితే అంత పక్షపాతం కనబడలేదు. జాతిద్వేషం అక్కడ మాయమైపోయిందని కాదు. నలుగురిలో దాన్ని చూపించడానికి మనిషి జంకుతాడు. పార్టీ విషయంలో ఆ జంకు లేదు. మీ ప్యానెల్ ఆయన "ఆ మతం వాళ్ళ సంగతి తెలీనిదా" అని అంతమంది ముందు అనేవారా? మనసులో ఉన్నా మింగేసేవారు. పార్టీ గనక ఫోన్ తిప్పి మరీ చూపించారు.

ఇంకోటి. 1960లో అక్కడే ఒక సర్వేలో, మీ బిడ్డ అవతలి పార్టీ వాళ్ళను పెళ్ళిచేసుకుంటే మీకు ఇబ్బందా అని అడిగితే అవునన్నవాళ్ళు నూటికి అయిదుగురు. 2010లో ఇలాంటిదే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడోవంతు అవునన్నారు. అడిగిన మాటల్లో తేడా ఉంది నిజమే. ఆ తేడా తీసేసినా ఇంత అంతరం పూడదు.

ఎర్రసిరా:

పంతులుగారూ, మీ లెక్కలు నా వైపే మాట్లాడుతున్నాయి.

పుట్టుక మనం ఎంచుకున్నది కాదు. పార్టీ ఎంచుకున్నది. కాబట్టి మొదటిదాన్ని పట్టుకుని తూచడానికి జంకడం, రెండోదానికి జంకకపోవడం సభ్యత తగ్గిందనడానికి గుర్తేమీ కాదు.

ఇక 1960. అప్పుడు అయిదుగురే ఎందుకన్నారో అడగాలి కదా. ఆ రోజుల్లో అమెరికాలో ఒకే డెమొక్రాటిక్ పార్టీలో దక్షిణాదిన నల్లవాళ్ళను బళ్ళలోకి రానివ్వనివాళ్ళూ ఉన్నారు, ఉత్తరాదిన వాళ్ళ హక్కుల కోసం కొట్లాడినవాళ్ళూ ఉన్నారు. 1964 పౌరహక్కుల చట్టానికి రెండు పార్టీల నుంచీ ఓట్లు పడ్డాయి, రెండు పార్టీల నుంచీ వ్యతిరేకతా వచ్చింది. పార్టీ పేరు చెబితే మనిషి ఎటువైపో తెలిసేది కాదు. 1950లో అక్కడి రాజనీతిశాస్త్ర సంఘం కమిటీ ఒకటి, రెండు పార్టీల మధ్య తేడా చాలడం లేదు, ఓటరుకు ఎంచుకోవడానికి స్పష్టమైన దారులు కావాలి అని నివేదికే ఇచ్చింది. ఆ తేడా తర్వాత వచ్చింది. ఇప్పుడు పేరు చెబితే తెలుస్తోంది. తెలిసినప్పుడు జనం పట్టించుకుంటున్నారు. ఇందులో జబ్బు ఎక్కడుంది?

దారినపోయే:

జబ్బు ఎక్కడుందో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చేరితే కనబడుతుంది. ఇన్విటేషన్ పంపమంటారా?

పాతకాపు:

నేను పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటుగా చాలాసార్లు కూర్చున్నాను. ఏ పార్టీయో చెప్పను, గడపగారి షరతు.

తెల్లారకముందే లోపలికి పోయేసరికి పక్క కుర్చీలో అవతలి పార్టీ ఏజెంటు ఉంటాడు. ఇద్దరి ఒళ్ళోనూ అదే ఓటర్ల జాబితా. పేరు చదవగానే ఇద్దరం ఆ వరస వెతికి గీత గీస్తాం. నాకు దొరక్కపోతే అతను తన కాగితం నావైపు తిప్పి వేలు పెట్టి చూపిస్తాడు. మధ్యాహ్నానికి జనం పలచబడతారు, అప్పుడు ఇద్దరి గీతలూ సరిచూసుకుంటాం. లెక్కలో తేడా వస్తే సాయంత్రం తంటా ఇద్దరిదీ.

చనిపోయిన మనిషి పేరు మీద ఎవరైనా వచ్చినప్పుడు ఉంటుంది చూడండి అసలు పరీక్ష. వచ్చిన ఓటు ఎవరికి పడుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. తన పార్టీ ఓటే అయినా లేచి "ఆయన పోయి ఏడాదైందండీ" అన్నవాళ్ళను చూశాను. తల దించుకుని జాబితాలో ఏదో వెతుకుతున్నట్టు నటించినవాళ్ళనూ చూశాను. ఈ రెండు రకాలూ రెండు పార్టీల్లోనూ ఉన్నారు, నా పార్టీలో రెండో రకం తక్కువేం కాదు. మధ్యలో లేచి బయటికి పోవాల్సి వస్తే నా జాబితా ఎవరి చేతిలో పెట్టాలన్నది ఆ ఒక్క విషయాన్ని బట్టే తేల్చుకునేవాణ్ణి. కొన్నిసార్లు అవతలి పార్టీ మనిషికి ఇచ్చాను. మా సొంత మనిషికి ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

బయట మైకు పట్టుకుని అరిచేవాళ్ళలో చాలామంది లోపల ఒక్కరోజైనా కూర్చోనివాళ్ళు. ఇది నా అభిప్రాయం, తీసుకుంటే తీసుకోండి.

ఎర్రసిరా:

పాతకాపుగారూ, మీరు చెప్పింది బావుంది. కానీ మీ పక్క కుర్చీలో అంత ధర్మంగా కూర్చున్న మనిషే బయటికొచ్చి, తమకు పడవని ఓట్లను జాబితాలోంచి తీసేయించమని పార్టీ చెబితే దరఖాస్తుల మీద సంతకాలు పెట్టొచ్చు. మీ విషయంలో మంచివాడు. జాబితాలోంచి ఎగిరిపోయినవాళ్ళ విషయంలో?

పాతకాపు:

పెట్టొచ్చు. పెట్టాడని తెలిసిన రోజు ఆ సంతకానికి నిలదీస్తాను. పెట్టకముందే, పార్టీని బట్టి పెట్టేవాడేనని ఎలా తేలుస్తాను తల్లీ?

లెక్కలపంతులు:

ఎర్రసిరాగారి వాదనలో పస ఉంది, కాదనను. పార్టీ పేరు ఇప్పుడు ఎక్కువ చెబుతోంది. అయితే అది చెప్పేదానికన్నా చాలా ఎక్కువ మనం వింటున్నాం. ఆ తేడాను కొలిచారు కూడా. డగ్లస్ ఆలర్, గౌరవ్ సూద్ 2018లో ప్రచురించిన పని ఉంది. రిపబ్లికన్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పైన సంపాదించేవాళ్ళు ఎంతమంది ఉంటారో చెప్పమని అమెరికన్లను అడిగితే, సగటున నూటికి 38 మంది అన్నారు. నిజానికి ఇద్దరు. డెమొక్రాట్లలో స్వలింగ లేదా ద్విలింగ సంపర్కులు ఎంతమంది అంటే 32 అన్నారు. నిజానికి ఆరుగురు. ఇంకో సంగతి, రాజకీయాలు బాగా పట్టించుకునేవాళ్ళ అంచనాలు ఇంకా ఎక్కువ తప్పాయి.

అంటే "ఆ పార్టీ వాళ్ళు" అనగానే మనకు కళ్ళముందు కదిలే మనిషి ఆ పార్టీలో నూటికి ఏ ఇద్దరో ముగ్గురో. మిగతా తొంభై ఏడుగురికి శిక్ష వేస్తున్నది ఆ బొమ్మను చూసి.

చిన్నసందేహం:

నాదో ప్రశ్న. "తెలిసి తెలిసి ఓటేశారు" అని ఎర్రసిరాగారు అన్నారు. తెలిసే వేస్తారా?

జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 2003లో రాసిన దాని గురించి క్లాసులో చదివాను. పేదలకు సాయం చేసే పథకాలు రెండు తయారుచేశారు, ఒకటి ఉదారంగా, ఒకటి బిగబట్టి. ఏ పథకాన్ని ఏ పార్టీ బలపరిచిందో మార్చి మార్చి చెప్పి విద్యార్థులకు చూపించారు. ఉదారవాదులు తమ పార్టీ మెచ్చిందంటే బిగబట్టిన పథకాన్నీ మెచ్చారు. సంప్రదాయవాదులు తమ పార్టీ మెచ్చిందంటే ఉదార పథకాన్నీ మెచ్చారు. పార్టీ మాట లేనప్పుడు మాత్రం ఎవరి సిద్ధాంతం ప్రకారం వాళ్ళు ఎంచుకున్నారు. ఇదంతా పార్టీని బట్టి చెప్పారా అని అడిగితే, లేదు, పథకంలో ఏముందో చూసే చెప్పాం అన్నారు. అవతలివాళ్ళు మాత్రం పార్టీ వెంట పోతారట.

ఈ లెక్కన పార్టీని చూసి మనిషి విలువలు చెప్పగలమా? పార్టీయే విలువల్ని తయారుచేస్తుంటే?

ఎర్రసిరా:

అలా అయితే ఇంకా ఘోరం కదా! విలువలు ఉండి తప్పు వైపు నిలబడ్డవాడితో వాదించవచ్చు. పార్టీ ఏం చెబితే అదే నా విలువ అనేవాడిని నేను ఇంకా ఎక్కువ అనుమానించాలి.

చిన్నసందేహం:

కానీ అక్కా, ఆ ప్రయోగంలో రెండు వైపులవాళ్ళూ అలాగే చేశారు. అంటే అనుమానించాల్సిన జాబితాలో మనమూ ఉన్నాం.

దారినపోయే:

నేను లేను. నేను ఎవరికీ ఓటెయ్యను.

గడప:

ఓటెయ్యకపోవడం గురించి ఇక్కడ కొత్త గొడవ పెట్టొద్దు, వేరే చర్చ తెరవండి. పార్టీ పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. తీసేసినందుకు నేను ఫలానా పార్టీ వాణ్ణని ఒకరు, దాని బద్ధశత్రువు పార్టీ వాణ్ణని ఇంకొకరు ఇన్‌బాక్స్‌లో తిట్టారు.

నిదానం:

ఒకప్పుడు ఇలా ఉండేది కాదండీ. 1994లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిషన్ ముందుకు కాశ్మీర్ విషయం వచ్చినప్పుడు, ప్రధాని పీవీ నరసింహారావు మన బృందానికి నాయకుడిగా ఎవరిని పంపారు? ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని. అది పెద్దమనిషి తరహా. 2008లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో, మిన్నెసోటాలోని లేక్‌విల్ సభలో ఒకావిడ మైకు అందుకుని "ఒబామాను నమ్మలేను, అతను అరబ్బు" అంది. ఒబామా మీద పోటీచేస్తున్న జాన్ మెక్‌కెయిన్ వెంటనే మైకు వెనక్కి తీసుకుని, కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, కుటుంబీకుడు, ఈ దేశ పౌరుడు, కొన్ని మౌలిక విషయాల్లో ఆయనతో నాకు విభేదాలున్నాయి, అంతే అన్నాడు. అదే సభలో అంతకుముందు ఒబామాకు భయపడక్కర్లేదన్నందుకు సొంత జనమే గోల చేశారు. అయినా అన్నాడు. ఇప్పుడు ఎవరైనా అంటారా?

పాతకాపు:

పైవాళ్ళ స్నేహాలు చెప్పకండి సార్. పైన నాయకులు పెళ్ళిళ్ళలో భుజాలు రాసుకుంటూనే ఉంటారు, ఇప్పటికీ. తలలు పగిలేది కింద. జెండాలు కట్టినందుకు కేసులు మోస్తున్న పిల్లలకు ఆ పెద్దరికం కథలు చెప్పి చూడండి, ఏమంటారో.

ఎర్రసిరా:

ఆ మెక్‌కెయిన్ మాటను అందరూ మెచ్చుకుంటారు. ఓసారి మళ్ళీ చదవండి. "అతను అరబ్బు" అంటే "కాదు, మర్యాదస్తుడు, కుటుంబీకుడు" అని జవాబు. మరి అరబ్బు అయితే మర్యాదస్తుడు కాడా? ఆ రోజు ఆ సభను టీవీలో చూస్తున్న అరబ్బు అమెరికన్ కుటుంబం ఏమనుకుని ఉంటుంది? రెండు పార్టీల మధ్య మర్యాద నిలబడింది. మధ్యలో ఎవరి మీద కాలు పడిందో ఎవరూ చూడలేదు. పార్టీలకు అతీతమైన మర్యాద అనగానే నేను జంకేది ఇందుకే.

నిదానం:

మైకు చేతిలో ఉన్న రెండు క్షణాల్లో అంతకన్నా ఏం చెప్పగలడండీ! ఆయన ఉద్దేశం చూడాలి.

ఎర్రసిరా:

ఆయన ఉద్దేశం చూడమంటున్నారు, ఓటరుదేమో ఓటు చూసి తేల్చొద్దంటున్నారు. నేను రెండింటికీ ఒకటే చెబుతున్నా, ఏం జరిగిందో చూద్దాం.

లెక్కలపంతులు:

ఒక్క నిమిషం. ఎర్రసిరాగారూ, ఆ చివరి వాక్యం పాతకాపుగారిది. ఆయన సంతకం చూశాక నిలదీస్తానంటున్నారు, మీరు ఏం జరిగిందో చూద్దామంటున్నారు. దీనికీ, పార్టీ పేరు వినగానే తేల్చెయ్యడానికీ పొసగదు.

ఇంకోటి, నేనిచ్చిన పెళ్ళి సర్వేకు నేనే సవరణ చెప్పాలి. 2018లో సమారా క్లార్, యానా క్రుప్నికోవ్, జాన్ బారీ రయన్ ఆ ప్రశ్ననే కొంచెం విప్పి అడిగారు. వచ్చే అల్లుడో కోడలో అవతలి పార్టీయే, కానీ రాజకీయాలు ఎప్పుడో గాని మాట్లాడరు అని చెబితే ఇబ్బంది చాలావరకు తగ్గిపోయింది. అదే పొద్దస్తమానం రాజకీయాలే మాట్లాడే మనిషి అంటే, సొంత పార్టీ వాడైనా చాలామందికి అంత ఉత్సాహం లేదు. అంటే జనం భయపడుతున్నది అవతలి ఓటుకన్నా, ఊపిరాడనివ్వకుండా వాగే మనిషికి.

దారినపోయే:

అందుకే నన్ను గ్రూపులోంచి తీసేశారన్నమాట.

ఎర్రసిరా:

పంతులుగారూ, పొసగకపోవడం ఏమీ లేదు. ఓటు వెయ్యడమూ ఒక పనే. చిన్నదే, రహస్యమైనదే, కానీ పనే. ఒక్క ఓటుతో ఏమీ కాదని ప్రతివాడూ అనొచ్చు, అయినా జరిగేదంతా వాటితోనే జరుగుతుంది. ఓటేసినవాడికీ పార్టీ పదవిలో ఉన్నవాడికీ ఒకటే బరువని నేననను. ఏమీ బరువు లేదంటే ఒప్పుకోను. సరే, మీరు నూటికి ఇద్దరు ముగ్గురన్న బొమ్మ మాట తీసుకుంటాను. ఎదురుగా ఉన్న మనిషి ఆ ముగ్గురిలో ఉన్నాడా, తొంభై ఏడుగురిలోనా అని అడిగి తెలుసుకునే బాధ్యత నాదే అనుకుందాం. అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ మనిషికి ఉందా లేదా?

గడపగారూ, అసలు ఆ అబ్బాయి ఏం రాశాడు? రంగులు తప్ప ఇంకేమైనా ఉందా? మొదటి నుంచీ ఎవరూ అడగలేదు.

గడప:

అడిగారు కాబట్టి చెబుతున్నా. నిన్న కూర్చుని చూశాను. చాలావరకు తన పార్టీ సభల ఫోటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఎన్నికల ఫలితాల రాత్రి రాసింది ఒకటుంది. ఓడించినవాళ్ళను, అంటే ఓటర్లనే, "అమ్ముడుపోయిన గొర్రెలు" అన్నాడు. కింద ఎవరో అభ్యంతరం చెబితే వాదించాడు, మర్నాడు తీసేస్తానన్నాడు, తియ్యలేదు.

ఎర్రసిరా:

చూశారా, ఇది పట్టుకోండి. ఈ ఉద్యోగంలో జనంతో మాట్లాడే పని ఉంటే నేను దీని గురించే ఇంటర్వ్యూలో అడిగేదాన్ని. నా పార్టీ అబ్బాయి రాసినా అడిగేదాన్ని.

పాతకాపు:

ఫలితాల రాత్రి రాసినవి పట్టుకుంటే మా పార్టీలో ఒక్కడికీ ఉద్యోగం దొరకదు తల్లీ. అవతలి పార్టీలో కూడా.

లెక్కలపంతులు:

గడపగారూ, మిగతా ఇద్దరి ఖాతాలు చూశారా?

గడప:

అక్కడికే వస్తున్నా. చూడలేదు. ప్యానెల్ ఆయన కూడా చూడలేదు. నిన్న ఫోన్ చేసి అడిగాను. ఇంటర్వ్యూలో ఆ అబ్బాయి మాటల్లో ఊరికే అనుమానం వచ్చి వెతికారట. మిగతా ఇద్దరి మీద అనుమానం ఎందుకు రాలేదంటే, "వాళ్ళు మామూలుగా ఉన్నారు" అన్నారు. మామూలు అంటే ఆయన పార్టీ అని నాకర్థమైంది. ఆయనకు అర్థమైనట్టు లేదు.

ఇవాళ ప్యానెల్‌కు మెయిల్ పెట్టాను. వెతికితే ముగ్గురివీ వెతకాలి, అందరినీ అవే ప్రశ్నలు అడగాలి, వద్దనుకుంటే కారణం ఉద్యోగం పనికి ముడిపెట్టి కాగితం మీద రాయాలి. లేదంటే ఎవరి ఖాతా జోలికీ పోకుండా మార్కుల కాగితం తెరవాలి. మిగతా ఇద్దరు సభ్యులు రెండో దారికి సరేనన్నారు. ఆయన ఇంకా జవాబివ్వలేదు.

ఎర్రసిరా:

నేనైతే మొదటి దారి అడిగేదాన్ని. ముగ్గురివీ వెతకండి, గొర్రెల మాట గురించి అతన్ని పిలిచి అడగండి. కళ్ళు మూసుకుని మార్కులు చూసేస్తే మీకు సుఖంగా ఉంటుంది. రేపు అతని కౌంటర్ ముందు నిలబడే "గొర్రె" మాటేమిటి?

పాతకాపు:

అడిగితే ఏం చెబుతాడు? ఉద్యోగం కావాలి కాబట్టి సారీ చెబుతాడు. ఆర్నెల్లు ప్రొబేషన్ ఉంటుందిగా, పనిలో చూడండి.

లెక్కలపంతులు:

ప్రొబేషన్‌లో ఆ అబ్బాయిని చూసేది ఎవరు? ఆ ప్యానెల్ ఆయనేనా?

గడప:

అవును, టీమ్ ఆయనదే. అందుకే ఇంకా పడుకోలేదు.